సిన్సినాటి లెక్కకి రాదు

కిందటి వారం అంకుల్ ఫోన్ చేసి ఆంటీ పోయిందని చెప్పారు. నిద్రలోనే గుండె ఆగిందట, బాధపడలేదన్నారు. విండ్సర్‌లో గుడి హాల్లో సంతాపసభ పెట్టారట. ఒకాయన మైకు పట్టుకుని ఆవిడ శాంతమూర్తి అన్నాడట. ఇంకొకావిడ లేచి, ఎవరి మాటకీ ఎదురు చెప్పని మనిషి అన్నదట. "నువ్వు కూడా ఏదైనా రాసి పంపమ్మా, వచ్చే నెల పత్రికలో వేస్తారట," అన్నారు అంకుల్.

ఆ మాటలు విన్న దగ్గర్నుంచీ నాకు మనసు కుదురుగా లేదు. ఏడాదిన్నర వాళ్ళింట్లో అద్దెకున్నాను. ఆ ఇంట్లో శాంతం ఉన్న మాట నిజమే, అదంతా అంకుల్ వాటాకి వచ్చింది. ఆవిడ వాటాకి వచ్చినదాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. మొండితనం అంటే చిన్నమాట అవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. గుడి పత్రిక వాళ్ళు వేస్తారని మాత్రం అనుకోవడం లేదు.

నేను చదువుకోడానికి వెళ్ళిన ఏడు, అమెరికా సరిహద్దుని ఆనుకుని ఇవతలున్న ఈ విండ్సర్‌లో కాలేజీలో సీటు దొరకడం తేలిక, తల దాచుకోడానికి గది దొరకడం కష్టం. ప్రతి విమానంలోనూ మనవాళ్ళే దిగుతున్నారు. మేం తొమ్మిదిమంది ఆడపిల్లలం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఉన్న ఒక్క బాత్రూముకి గోడ మీద టైంటేబుల్ అంటించుకున్నాం. నేను పనిచేసే కాఫీ షాపులో ఒకమ్మాయి చెప్పింది, తెలుగువాళ్ళింట్లో మేడమీద గది ఖాళీగా ఉంది, అయితే ఆ ఆంటీతో కొంచెం కష్టం అని. ఎంత కష్టమైనా పొద్దున్నే అయిదింటికి బాత్రూము కోసం వరసలో నిలబడ్డం కన్నా నయమే కదా అనుకున్నాను.

ఆవిడ నన్ను డైనింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టి పాస్‌పోర్టు అడిగింది. అరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి. పొట్టి మనిషి, గట్టి చేతులు. తల మీద బేస్‌బాల్ టోపీ, కింద నేత చీర.

"లైసెన్స్ ఉందా?"

"మొన్ననే వచ్చింది ఆంటీ."

"అమెరికా వీసా?"

"ఉంది ఆంటీ. మా అక్క న్యూజెర్సీల ఉంటది. ఆమె డెలివరీకి పోదామని తీసుకున్న."

"మూడు గంటలు ఒకచోట కూర్చోగలవా?"

పూజలూ వ్రతాలూ చేస్తారు కాబోలు అనుకున్నాను. "కూర్చుంటా ఆంటీ."

"ఫోన్ చూడకుండా?"

"చూడను ఆంటీ."

"అయితే సామాన్లు తెచ్చుకో."

అద్దె మాట గానీ, చదువు మాట గానీ ఎత్తలేదు. పొయ్యి దగ్గర నిలబడి పోపు వేస్తున్న అంకుల్ వెనక్కి తిరిగి, "ఇంకోసారి ఆలోచించుకోమ్మా," అన్నారు. సరదాకి అన్నారనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఏప్రిల్ వచ్చేదాకా నాకు విషయం తెలియలేదు. ఆవిడ ఇరవై ఆరేళ్ళు విండ్సర్‌లో కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. ఒక ఎండాకాలం ఫ్యాక్టరీ వాళ్ళు బస్సు కట్టుకుని నది అవతల డెట్రాయిట్‌లో బేస్‌బాల్ ఆటకి తీసుకెళ్ళారట. అక్కడ పట్టుకుంది పిచ్చి. పెద్ద లీగులో ముప్ఫై జట్లు, ముప్ఫై స్టేడియాలు. టొరంటోలో ఒకటి, మిగిలినవన్నీ అమెరికాలోనే. ముప్ఫైలోనూ కూర్చుని ఆట చూడాలని ఆవిడ పట్టు. నేను ఆ ఇంట్లో దిగేనాటికి పంతొమ్మిది అయ్యాయి. ఎందుకింత ఇష్టం ఆంటీ అని నేను నాలుగుసార్లు అడిగితే నాలుగు జవాబులు వచ్చాయి. ఒకసారి, ఆరుబయట గాలి మంచిదని డాక్టర్ చెప్పాడంది. ఒకసారి, మీ అంకుల్‌కి ఇష్టం లేదు కాబట్టి అంది. ఒకసారి, ఆటకి గడియారం లేదు కాబట్టి అంది. ఆ ఏడే బంతి విసిరేవాడికి గడియారం పెట్టారు, ఇన్ని సెకన్లలో విసరాలని. ఆవిడ వారం రోజులు ఎవరో ఆస్తి కాజేసినట్టు తిరిగింది. నాలుగోసారి అడిగినప్పుడు, "నిన్నెవరైనా అన్నం ఎందుకు తింటున్నావని అడిగారా?" అంది. తర్వాత అడగడం మానేశాను.

క్రికెట్ తెలిసినవాళ్ళకి ఈ ఆట చెప్పడం తేలికే. ఒక ఇన్నింగ్సులో ఒక్కో జట్టూ ముగ్గురు అవుటయ్యేదాకా ఆడుతుంది. అలాంటివి తొమ్మిది. అప్పటికీ సమంగా ఉంటే తేలేదాకా ఆడుతూనే ఉంటారు. ఈ ఆఖరి నియమమే నా ప్రాణం తీసింది.

ఆవిడకి ఆటగాళ్ళ నియమాలు కాక సొంత నియమాలు ఉండేవి. మొదటి బంతి నుంచి ఆఖరి అవుట్ దాకా కూర్చుంటేనే ఆ స్టేడియం చూసినట్టు. మధ్యలో వెళ్ళినా, ఆలస్యంగా వచ్చినా, వానకి ఆట ఆగిపోయినా, "లెక్కకి రాదు" అనేది. రాత్రి ఆటలకి వెళ్ళదు. ఆ లైట్లకి తలనొప్పి అనేది. పగటి ఆటకి రెండున్నర గంటలు ముందే గేటు దగ్గర ఉండాలి. ఎందుకంటే, "పెళ్ళికి భోజనాల టైముకి వెళ్తామా?" అనేది. నేను అలాగే వెళ్తానని చెప్పలేదు.

మొదటిసారి డెట్రాయిట్ తీసుకెళ్ళింది. అది ఎప్పుడో అయిపోయిన స్టేడియమే, నాకు శిక్షణ కోసం. అంకుల్ స్టీలు డబ్బాలో పులిహోర కట్టి ఇచ్చారు. గేటు దగ్గర గార్డు, ప్లాస్టిక్ కవర్లో అయితే ఫర్వాలేదు గానీ స్టీలు డబ్బా కుదరదు అన్నాడు. ఆవిడ వాదించింది. "ఇట్ ఈజ్ లెమన్ రైస్, ఇట్ ఈజ్ నాట్ ఎ బాంబ్," అంది. బాంబు మాట వినగానే మా వెనకున్న లైను రెండడుగులు వెనక్కి జరిగింది. గార్డు మంచివాడు కాబట్టి సరిపోయింది. ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడి, చేత్తో పులిహోర కవర్లోకి ఎత్తిపోసి, ఖాళీ డబ్బా నా చేతికిచ్చి, కారులో పెట్టి రమ్మంది. కారు పావుమైలు దూరంలో ఉంది.

లోపల ఇంకో రకం నరకం. ఆవిడ పొడుగాటి నోటుబుక్కులో గళ్ళు గీసుకుని ప్రతి బంతీ రాసేది. దానికి తెలుగు అక్షరాలు. నాలుగు చెడ్డ బంతులు పడి బ్యాటర్ ఊరికే నడిచి వెళ్తే 'న'. మూడు తప్పి అవుటైతే 'మూ'. ఎగిరిన బంతి పట్టేస్తే 'ఎ'. నేల మీద దొర్లితే 'నే'. బంతి పడిన ప్రతిసారీ నన్ను మోచేత్తో పొడిచి, "ఏమైంది?" అనేది. చెప్పాక రాసుకునేది. పక్కనే కూర్చుని ఆట వైపే చూస్తూ ఏమైందని అడగడమేమిటి? నేను ఫోన్ చూస్తున్నానేమోనని పరీక్ష పెడుతోందనుకున్నాను. ఒక ఆటలో మూడువందల బంతులు పడతాయి. మూడువందలసార్లు ఏమైంది అంటే సాధువుకైనా తిక్క రేగుతుంది.

ఒకసారి ఆవిడ బాత్రూముకి వెళ్తూ పుస్తకం నాకిచ్చింది. నేను అక్కతో మెసేజీల్లో పడి నలుగురు బ్యాటర్లని చూడలేదు. నా ఇష్టమొచ్చినట్టు రెండు 'మూ', ఒక 'ఎ', ఒక 'న' రాసి పెట్టాను. తిరుగు ప్రయాణంలో రేడియోలో ఆట విశేషాలు చెప్తుంటే, ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపి మొత్తం వింది.

"అయిదో ఇన్నింగ్సులో నడిచి వెళ్ళినవాడెవడు?" అంది.

నేను అద్దంలో వెనకొచ్చే కారుని చూశాను.

"లేనివాణ్ణి నడిపించావా?"

మూడు రోజులు నాతో మాటలు లేవు. భోజనాల దగ్గర అంకుల్ వైపు తిరిగి, "ఉప్పు ఇటివ్వమని ఆ అమ్మాయికి చెప్పండి," అనేది. అంకుల్ నాకు చెప్పేవారు. నేను ఆయనకి ఇచ్చేదాన్ని. ఆయన ఆవిడకి ఇచ్చేవారు.

ఆ మొదటి వేసవిలో మిల్వాకీ ఒకటి చేశాం, సెయింట్ లూయిస్ ఒకటి. హైవే మీద డ్రైవ్ చేయడం నా పని. ఊళ్ళో కూరలకీ గుడికీ ఆవిడే నడిపేది. పక్కన కూర్చుని నా డ్రైవింగ్‌కి మాత్రం వంకలు. "ముందు ట్రక్కుంది, చూసుకో," అంటే చూసేదాన్ని. ట్రక్కు కాదు, వంతెన నీడ. స్టేడియం మెట్ల మీద నా మోచెయ్యి గట్టిగా పట్టుకునేది. మోకాళ్ళనొప్పులు అనేది. ఇవన్నీ ఇప్పుడు రాస్తుంటే పక్కపక్కన కనిపిస్తున్నాయి. అప్పుడు నాకున్న చికాకులో ఒక్కటీ తట్టలేదు.

అసలు గొడవంతా సిన్సినాటితో వచ్చింది. విండ్సర్ నుంచి నాలుగున్నర గంటల దారి. నాకంటే ముందు ఆ గదిలో ఉన్న అమ్మాయితో వెళ్తే వాన పడి ఆట రద్దయిందట. ఆగస్టులో నాతో బయల్దేరింది. బోర్డర్ దగ్గర ఆఫీసరు ఎక్కడికని అడిగాడు. సిన్సినాటి అన్నాను. ఎందుకని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆవిడ ముందుకి వంగి, "టు కంప్లీట్," అంది.

"ఏం కంప్లీట్ చేయడానికి?" అన్నాడు ఇంగ్లీషులో.

"లాస్ట్ టైమ్ ఇట్ డజ్ నాట్ కౌంట్," అంది ఆవిడ.

కారు పక్కకి తీయమన్నాడు. లోపల మూడు గంటలు కూర్చోబెట్టారు. ఒకాయన ఆవిడ నోటుబుక్కు పేజీ పేజీ తిప్పుతున్నాడు. గళ్ళ నిండా 'న', 'మూ', 'ఎ', 'నే'. ఇదేం భాష, ఏమిటీ గుర్తులు అని అడిగాడు. నా స్టడీ పర్మిట్ ఇంకొకాయన చేతిలో ఉంది. వీసా మీద ఏదైనా ముద్ర కొట్టేస్తే నా గతేమిటి, మా నాన్నకి ఏమని చెప్పాలి అని లెక్కలు వేసుకుంటున్నాను. ఆవిడ ఆయనకి 'మూ' అంటే ఏమిటో ఓపిగ్గా వివరిస్తోంది. ఆయన చివరికి నవ్వి మమ్మల్ని వదిలేశాడు. మేం వెళ్ళేసరికి రెండో ఇన్నింగ్సు నడుస్తోంది.

"ఇది లెక్కకి రాదు," అంది సీట్లో కూర్చుంటూ.

"మరి ఎందుకు కూర్చోవడం ఆంటీ? పోదాం."

"వచ్చాం కదా," అంది. ఆఖరి అవుట్ దాకా కూర్చుంది. ప్రతి బంతికీ ఏమైంది అని అడిగింది.

మళ్ళీ జూన్ వచ్చింది. నా చదువు ఆఖరికొచ్చింది. ఒక సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఫైనల్ ప్రాజెక్ట్ ప్రెజెంటేషన్. అది పోతే ఇంకో సెమిస్టరు ఉండాలి, వర్క్ పర్మిట్ వెనక్కి పోతుంది. ముందు రోజు ఆదివారం సిన్సినాటిలో మధ్యాహ్నం ఆట. కుదరదని చెప్పాను. ఆవిడ వినలేదు. గడియారం వచ్చాక ఆటలు రెండున్నర గంటల్లో అయిపోతున్నాయని, చీకటి పడేసరికి ఇంట్లో ఉంటామని నచ్చజెప్పింది. ఆ గడియారాన్ని ఏడాదిగా తిట్టిన మనిషి అవసరానికి దాన్నే సాక్ష్యం తెచ్చుకుంది. అంకుల్ నా వైపు చూసి, "నువ్వు కాదను. నేనంటే వినదు," అన్నారు. నేనూ అనలేకపోయాను. ఇల్లు ఖాళీ చేయమంటే ఆ బేస్‌మెంట్ తప్ప వేరే దిక్కు లేదు.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. బోర్డర్‌లో ఆవిణ్ణి నోరు విప్పనివ్వలేదు. పదకొండున్నరకి గేటు దగ్గర ఉన్నాం. ఆట మొదలయ్యే టైముకి వాన అందుకుంది. గంటన్నర ప్లాస్టిక్ కోటు కప్పుకుని కూర్చున్నాం. ఆ తర్వాత మొదలుపెట్టారు. ఎనిమిదో ఇన్నింగ్సుకి వచ్చేసరికి అయిదున్నర దాటింది. స్కోరు నాలుగూ నాలుగూ.

"ఆంటీ, పోదాం. రేపు పొద్దున నాకు ప్రెజెంటేషన్ ఉంది."

"ఇంకెంతసేపమ్మా, అయిపోవచ్చింది."

"సమంగా ఉంది. తేలకపోతే?"

"తేలేదాకా ఉంటాం. అందుకేగా వచ్చింది."

"మీకు ఇది ఆట. నాకు అది బతుకు ఆంటీ."

"అయితే నువ్వెళ్ళు."

"నిజంగనే పోతా. కారు తీసుకుని పోతా."

"తాళం నీ దగ్గరే ఉందిగా," అంది మైదానం వైపు చూస్తూ.

లేచి వెళ్ళిపోయాను. మెట్లెక్కి, సీట్ల వెనక తినుబండారాలు అమ్మే వరండాలోకి వచ్చాను. గేటు దాటితే మళ్ళీ లోపలికి రానివ్వరు. విడిచిన బాణంలా పోదామనే ఉంది గానీ కాళ్ళు అక్కడే ఆగాయి. రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి ఆవిడ టోపీ, భుజాలు కనిపిస్తున్నాయి.

అంతలో బ్యాట్‌కి బంతి తగిలిన చప్పుడు వినిపించింది. స్టేడియం అంతా లేచి అరిచింది. బంతి ఎడమ పక్క గోడ మీదకి పోతోంది. ఆవిడ అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా లేచింది. లేచి కుడిపక్కకి చూస్తోంది. అక్కడ ఏమీ లేదు. పక్కనున్నాయన భుజం తట్టి ఏదో అడిగింది. ఆయన పెళ్ళాన్ని కావిలించుకుని గంతులేస్తున్నాడు, వినిపించుకోలేదు. ఆవిడ కూర్చుని నోటుబుక్కు మీదకి వంగింది. ముక్కు కాగితానికి తగిలేంత వంగింది. పెన్సిల్ ఎత్తి పట్టుకుంది, రాయలేదు. తర్వాతి బంతికీ అంతే. ఆ తర్వాతి బంతికీ అంతే. పది నిమిషాలు చూశాను. ఒక్క గుర్తు పెట్టలేదు.

జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, ముందు నాకు ఒళ్ళు మండింది. నాలుగువందల కిలోమీటర్లు, వాన, బోర్డర్, నా ప్రెజెంటేషన్, ఇదంతా బంతే కనిపించని మనిషి కోసమా అనుకున్నాను. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏమైంది?" అంది, నేను అసలు లేవనట్టే.

"ఎడమపక్క గోడ మీదికి కొట్టిండు. ఒకడు చుట్టు తిరిగి ఇంటికొచ్చిండు, ఒక పరుగు. అయిదూ నాలుగు." ఆగి అడిగాను. "ఆంటీ, మీకు బంతి కనిపిస్తదా?"

"ఏ బంతి?"

"ఏ బంతైనా."

పెన్సిల్ మొన వేలితో తడిమింది. ఈలోగా ఒకడు అవుటయ్యాడు.

"పక్కలు కనిపిస్తాయి," అంది. "మధ్యలో మచ్చ. ఎటు చూస్తే అటు మచ్చే వస్తుంది."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు రాకముందు నుంచే."

"అంకుల్‌కి ఎరుకేనా?"

"చెప్పావంటే చూడు."

తొమ్మిదో ఇన్నింగ్సు తొందరగానే ముగిసింది. అయిదూ నాలుగు. జనం లేస్తున్నారు. ఆవిడ పుస్తకం మూసి పెన్సిల్ దాని మీద పెట్టింది. ఆఖరికి అయిపోయింది కదా, ఈ సిన్సినాటి పీడ వదిలింది కదా అన్నాను.

"నువ్వు లేనప్పుడు జరిగింది రాయలేదు," అంది. "ఇదీ లెక్కకి రాదు."

స్టేడియం పక్కనే ఒహాయో నది. కారు తాళం అందులోకి విసిరేసి, నేనూ దూకితే బాగుండుననిపించింది. ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి కావచ్చింది. ప్రెజెంటేషన్ ఎలా చేశానో నాకు గుర్తులేదు. పాసయ్యాను.

ఆ గురువారం ఆవిడ తాళం తీసుకుని కూరలకి బయల్దేరింది. నేను మేడమీద కిటికీలోంచి చూస్తున్నాను. కారుకి కుడిపక్క అద్దం టేపు చుట్టి ఉంది. పార్కింగ్‌లో ఎవరో గుద్దారని చెప్పింది. మా వీధి మలుపులో బస్‌స్టాప్ ఉంది. పొద్దున పూట అక్కడ పాతికమంది నాలాంటి పిల్లలు నిలబడతారు, చోటు చాలక రోడ్డు మీదకి కూడా. ఆవిడ ఆ మలుపు తిరిగేదాకా కిటికీ వదల్లేదు. తర్వాత కిందికి దిగి అంకుల్‌కి చెప్పేశాను.

ఆయన వంకాయలు తరుగుతున్నారు. కత్తి పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నారు. "మొన్న కాఫీలో ఉప్పు వేసింది. పరాకేమో అనుకున్నానమ్మా," అన్నారు. ఆవిడ తిరిగొచ్చాక తాళం తీసుకుని తన జేబులో వేసుకున్నారు. నలభై ఏళ్ళలో ఆయన ఆవిడ మాట కాదనడం అదే మొదటిసారి అనుకుంటాను. కళ్ళ డాక్టరు, పరీక్షలు, తర్వాత లైసెన్స్ పోయింది.

ఆవిడ నా గది గుమ్మంలో నిలబడి, "నెలాఖరుకి ఖాళీ చెయ్యి," అంది.

అంకుల్ బతిమాలారు. నేను కూడా సిగ్గు విడిచి అడిగాను. వినలేదు. సూట్‌కేసు ఈడ్చుకుంటూ వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చింది. ఏదైనా మంచిమాట అంటుందేమోనని ఆగాను. "నీ చింతకాయ పచ్చడి ఫ్రిజ్‌లో ఉండిపోయింది. తీసుకెళ్ళు, మాకొద్దు," అంది. మళ్ళీ బేస్‌మెంట్. ఈసారి పదకొండుమందిమి.

ఉద్యోగం దొరికి నేను ఇటు పడమటి కొసన, వాంకూవర్ పక్కనున్న సర్రీకి వచ్చేశాను. ఏడాది దాకా మాటల్లేవు. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. పలకరింపు లేదు.

"సియాటిల్ మీ ఇంటికెంత దూరం?"

"రెండున్నర గంటలు ఆంటీ. బోర్డర్‌లో లైనుంటే మూడు. ఎలా ఉన్నారు?"

"ఆగస్టులో ఒక ఆదివారం ఒంటిగంటకి ఆట ఉంది. మీ అంకుల్ టికెట్లు తీశారు, నీకూ నాకూ."

"నన్ను అడగకుండానే?"

"ఇప్పుడు అడుగుతున్నాగా."

అంకుల్ విండ్సర్‌లో విమానం ఎక్కించారు. వాంకూవర్‌లో నేను దింపుకున్నాను. వీల్‌చెయిర్ తోసే అమ్మాయిని ఆవిడ ఎటు తిప్పాలో ఎటు తిప్పకూడదో దారంతా చెప్తూ వచ్చింది. ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు నాకు బాగా తెలిసినదే.

మర్నాడు పొద్దున సియాటిల్ దారిలో బోర్డర్ దాటాం. తర్వాత, "నువ్వు చెప్పకపోతే ఇంకో రెండేళ్ళు నడిపేదాన్ని," అంది.

"ఎవర్నో ఒకర్ని గుద్దేవాళ్ళు ఆంటీ."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. రెండు ఎగ్జిట్లు దాటాం.

"గుద్దేదాన్నేలే," అంది. "ఆ బస్‌స్టాప్ దగ్గర ఒకసారి బ్రేకు వేశాను. ఎవరో అరిచారు. ఆడపిల్ల గొంతు. ఎవరో ఏమిటో చూడలేదు, నాకు కనపడలేదు. ఇంటికొచ్చి పడుకున్నాను."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. తగిలితే తెలిసేది కదా."

"అంకుల్‌కి చెప్పలేదా?"

"చెప్తే ఆటలు మానాల్సొచ్చేది."

ఆ పిల్ల నేనే అయి ఉండొచ్చు, నా బేస్‌మెంట్ పిల్లల్లో ఎవరైనా అయి ఉండొచ్చు. ఆవిడ నా మీద కోపం పోయిందని గానీ, తనది తప్పని గానీ ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు. ఈ ఒక్క మాట మాత్రం చెప్పింది.

స్టేడియంలో నోటుబుక్కు తీయలేదు. తేలేదట. కూర్చోగానే, "చెప్పు," అంది. మూడు గంటలు చెప్పాను, బంతి బంతికీ. అందులోనూ వంకలే. "ముందు ఎవడు కొట్టాడో చెప్పు, తర్వాత ఎక్కడికి పోయిందో చెప్పు," అంది. "వార్తలు చదివినట్టు చదవకు," అంది. బంతి పైకి లేచిందని నేను అంటుండగానే జనం గొంతుని బట్టి, "పట్టేశాడు. నీకన్నా చప్పుడే నయం," అంది. ముందు వరసలో ఒకాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నా గొంతు బొంగురుపోయింది. నీళ్ళు తాగడానికి ఆగితే, "ఆట ఆగిందా?" అని అడిగింది.

ఆఖరి అవుట్ అయ్యాక జనమంతా వెళ్ళిపోయారు. ఆవిడ లేవలేదు. కిందికి, మైదానం అంచు దాకా తీసుకెళ్ళమంది. మెట్లు దిగి గోడ దగ్గర నిలబడ్డాం. పైకప్పు తెరిచి ఉంది, ఎండ పడుతోంది. ఆవిడ రెండు చేతులూ గోడ మీద ఆనించింది.

"గడ్డి ఎలా ఉంది?"

"పచ్చగా ఉంది ఆంటీ."

"గడ్డి పచ్చగా ఉంటుందని నాకు తెలీదా? సరిగ్గా చెప్పు."

నాకు మండింది. అయినా చూశాను. ఇన్ని స్టేడియాలు తిరిగి, నిజానికి నేను ఒక్క చోటా గడ్డి చూడలేదు, ఎప్పుడు బయటపడతామా అని గేటే చూశాను. కోసిన తీరుకి చారలు పడి ఉన్నాయని చెప్పాను. ఒక చార లేత మామిడాకులా ఉంది, పక్క చార ముదురు కరివేపాకులా ఉంది. నడుమ ఎర్రమట్టి తడిపి ఉంది, ఇద్దరు మనుషులు దాన్ని పెద్ద చాపలాంటిదానితో చదును చేస్తున్నారు. నీడ సగం దాకా వచ్చింది. నీడలో ఉన్న గడ్డి నీలంగా కనిపిస్తోంది. దూరంగా గోడ దగ్గర ఒక పక్షి దిగి అటూ ఇటూ నడుస్తోంది, దాన్ని ఎవరూ తోలడం లేదు. ఒకావిడ వచ్చి ఇక బయల్దేరండమ్మా, గేట్లు మూస్తున్నాం అని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. నేను ఆపి ఆంటీ వైపు చూశాను.

బాగుందనలేదు. థాంక్స్ అసలే అనలేదు. టోపీ వెనక్కి తోసుకుని, మైదానం వైపే ముఖం పెట్టి, "ఊఁ, తర్వాత?" అంది.